కుక్కకి వారం వారం స్నానం చేయించినా ఫ్లీలు మళ్ళీ ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. వరంగల్‌లో సొంతిల్లు, కింద షాబాదు బండలు. మూడేళ్ళ ల్యాబ్రడార్, బరువు 28 కిలోలు. రాత్రిళ్ళు మెట్ల కింద గోనె సంచి మీద పడుకుంటుంది. వానలు మొదలైనప్పటి నుంచి ఒకటే గోకుడు, తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోయాయి. ప్రతి ఆదివారం ఫ్లీలని, అంటే ఒంటి మీద దూకుతూ రక్తం తాగే సన్న పురుగుల్ని, చంపే షాంపూతో స్నానం, ఆ పైన పౌడర్. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. ఇప్పుడు పిల్లల పాదాల మీద కూడా దద్దుర్లు వస్తున్నాయి. "ఈ మందు పనిచేయట్లేదు, ఇంకా ఘాటుది ఏదైనా చెప్పండి" అని అడిగారు.

ఘాటు మందు అక్కర్లేదు. మీ షాంపూ దాని పని అది చేస్తోంది. ఆదివారం నాడు కుక్క ఒంటి మీద ఉన్నవి చచ్చిపోతున్నాయి, మంగళవారానికి మెట్ల కింద నుంచి కొత్తవి ఎక్కుతున్నాయి. షాంపూ నీళ్ళతో పాటే కాలవలోకి పోతుంది, వాటిని ఆపడానికి ఒంటి మీద ఏమీ మిగలదు.

ముందు అవి ఫ్లీలేనని తేల్చుకోండి. మనవాళ్ళు కుక్క మీద కనబడ్డ ప్రతిదాన్నీ పురుగులు అనో గోమార్లు అనో అనేస్తారు. మందు తప్పడం అక్కడే మొదలవుతుంది. పిడుదు, అంటే గోమారి, చర్మానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది. రక్తం తాగి శనగగింజలా ఉబ్బుతుంది. చెవుల్లో, వేళ్ళ సందుల్లో ఎక్కువ. ఫ్లీ అలా కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల ముదురు గోధుమరంగు పురుగు, రెండు పక్కల నుంచీ నొక్కినట్టు పల్చగా ఉంటుంది, రెక్కలుండవు, వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. తోక మొదలు, తొడల వెనక, పొట్ట కింద చూడండి.

పురుగు చిక్కకపోయినా పర్వాలేదు, దాని రెట్ట చిక్కుతుంది. ఇంట్లో పేల దువ్వెన ఉంటే చాలు. నడుము నుంచి తోక వైపు చర్మానికి ఆనించి నాలుగైదు సార్లు దువ్వండి. దువ్వెన పళ్ళ మధ్య మిరియం పొడిలాంటి నల్లటి రవ్వలు వస్తాయి. వాటిని తడిపిన తెల్ల కాగితం మీదో దూది మీదో దులిపి ఒక నిమిషం ఆగండి. మట్టయితే మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ రెట్టయితే రవ్వ చుట్టూ ఎర్రటి మరక పాకుతుంది. అది కుక్క రక్తమే, సరిగా అరగకుండా బయటికి వచ్చింది. ఈ మరక కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. దువ్వెనకి చిక్కిన పురుగుల్ని గోటితో నలపకండి, గిన్నెలో అంట్లు తోమే సబ్బు కలిపిన నీళ్ళు పెట్టుకుని అందులో ముంచండి. ఉత్త నీళ్ళలో వేస్తే పైకి తేలి మళ్ళీ దూకుతాయి.

ఇక అవి మెట్ల కింద ఏం చేస్తున్నాయో చూద్దాం.

ఆడ ఫ్లీ కుక్క మీదకి ఎక్కిన కొద్ది నిమిషాల్లోనే రక్తం తాగడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెడుతుంది, ఊపందుకున్నాక రోజుకి 40 దాకా. పేను ఈపిలాగా ఆ గుడ్డు వెంట్రుకకి అంటుకోదు. సన్న ఉప్పు రవ్వలా తెల్లగా, జారుడుగా ఉండి, కుక్క లేచినా ఒళ్ళు విదిలించినా కింద రాలిపోతుంది. కాబట్టి కుక్క ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటుందో గుడ్లు అక్కడే కుప్పపడతాయి. పది ఆడ ఫ్లీలుంటే రోజుకి నాలుగు వందల గుడ్లు మీ గోనె సంచిలోకి చేరుతున్నట్టు. రెట్ట కూడా అక్కడే రాలుతుంది. గుడ్డులోంచి వచ్చే సన్నటి తెల్ల పురుగుకి, అంటే లార్వాకి, ఆ ఎండిన రక్తమే తిండి. తల్లి గుడ్డుతో పాటు బువ్వ కూడా పంపిస్తోందన్నమాట.

లార్వాకి వెలుతురు పడదు. గోనె పోగుల్లోకి, బండల సందుల్లోకి, సోఫా అడుగుకి దిగిపోతుంది. గాలిలో తేమ 50 శాతం కన్నా తగ్గినా, వేడి 35 డిగ్రీలు దాటి అలాగే నిలిచినా బతకదు. అందుకే మన ఎండాకాలంలో ఆరుబయట, ఎండ పడే చోట ఫ్లీలు పెరగవు. వానాకాలం రాగానే విరగబడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో ఏడాది పొడుగునా తేమే కాబట్టి అక్కడ వీటికి సెలవు కాలమంటూ లేదు. తెలంగాణలో ఎండాకాలమైనా ఇంట్లో ఒకచోట వీటికి హాయి: నీళ్ళ కూలర్ నడిచే గది. చల్లదనం, తేమ రెండూ ఉంటాయి, కుక్క కూడా అక్కడే పడుకుంటుంది. మే నెలలో ఫ్లీలేంటని ఆశ్చర్యపోయేవాళ్ళు కూలర్ వెనక మూల ఒకసారి చూడాలి.

ఒకటి రెండు వారాల్లో లార్వా పట్టు గూడు అల్లుకుని ప్యూపా అవుతుంది. తలనొప్పంతా ఈ దశే. గూడు జిగురుగా ఉండి దుమ్మూ ఇసకా అంటించుకుంటుంది, పక్కనే ఉన్నా కనబడదు. మీరు కొట్టే ఏ మందూ దాని లోపలికి సరిగా పోదు. అన్నీ అనుకూలిస్తే వారం పది రోజుల్లో లోపలి ఫ్లీ సిద్ధమవుతుంది, కానీ వెంటనే బయటికి రాదు. అదురు, ఒంటి వెచ్చదనం, ఊపిరి తగిలినప్పుడే గూడు చీలుస్తుంది. అవేవీ తగలకపోతే నెలల తరబడి లోపలే కూర్చోగలదు. సంక్రాంతికి ఊరెళ్ళి వారం పదిరోజులకి తిరిగొచ్చి తలుపు తీయగానే కాళ్ళ మీద పదుల కొద్దీ ఎగబడ్డాయంటారు చూడండి, ఇదే కారణం. అవి తాళం వేసిన ఇంట్లో పుట్టుకురాలేదు, మీ అడుగుల చప్పుడు కోసం కాచుకున్నాయి.

లెక్కేస్తే, మన వానాకాలంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా సుమారు మూడు నాలుగు వారాలు. కుక్క మీద మీకు కనబడేవి మొత్తంలో 5 శాతం ఉంటాయేమో, మిగతావన్నీ నేల మీద గుడ్లుగా, లార్వాలుగా, గూళ్ళుగా ఉంటాయి. మీరు వారానికోసారి కడుగుతున్నది ఆ అయిదు శాతాన్నే.

మొదటి పని, కుక్కకి వారాల తరబడి పనిచేసే మందు వేయడం. ఎక్కిన ఫ్లీ గుడ్డు పెట్టేలోపే, అంటే 24 గంటల్లోపే చావాలి. అది కుదిరితే గుడ్ల సరఫరా ఆ రోజే తెగిపోతుంది. దీనికి ఇప్పుడు బాగా అక్కరకొస్తున్నవి నోటి మాత్రలు. ఫ్లూరలనర్ (బ్రావెక్టో) ఒక మాత్ర 12 వారాలు పనిచేస్తుంది, మీ 28 కిలోల కుక్కకి 20–40 కిలోల పెట్టె, 1000 మి.గ్రా. దాన్ని తప్పకుండా తిండితో పాటే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే ఒంటికి సరిగా పట్టదు. అఫాక్సోలనర్ (నెక్స్‌గార్డ్), సరోలనర్ (సింపారికా) నెలకొకటి. ఇవన్నీ ఎనిమిది వారాలు నిండిన కుక్కపిల్లల నుంచే, అదీ పెట్టె మీద రాసిన కనీస బరువు ఉంటేనే. పిడుదుల మీద కూడా పనిచేస్తాయి కాబట్టి మన ఊళ్ళలో రెండిందాలా లాభం. కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం ఈ రకం మాత్ర వేసే ముందు డాక్టరుతో చెప్పి తీరాలి, ఈ మందుల గుంపుకి ఆ హెచ్చరిక ఉంది. పెద్ద కుక్క మాత్రని విరిచి రెండు చిన్న కుక్కలకి పంచకండి, ప్రతి ముక్కలోనూ మందు సమంగా ఉంటుందన్న హామీ లేదు.

మెడ మీద వేసే చుక్కల మందు కావాలంటే ఫిప్రోనిల్, ఎస్‌-మెథోప్రీన్ కలిసినది తీసుకోండి. రెండోది గుడ్లనీ లార్వాలనీ ఎదగనివ్వదు. ఇది పనిచేయలేదని చెప్పేవాళ్ళలో చాలామంది వెంట్రుకల మీద పోసినవాళ్ళే. భుజాల ఎముకల మధ్య వెంట్రుకల్ని పాయ తీసి, తెల్లగా చర్మం కనబడ్డాక, ట్యూబు మూతి చర్మానికి ఆనించి పిండాలి. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. చర్మంలోని నూనెతో కలిసే ఆ మందు ఒళ్ళంతా పాకుతుంది. ఆదివారం షాంపూ పెట్టి సోమవారం చుక్కలు వేస్తే పాకడానికి నూనె ఉండదు.

ఫిప్రోనిల్ స్ప్రే వాడేవాళ్ళు చేసే తప్పు మోతాదులో. 0.25 శాతం స్ప్రే కిలోకి 3 నుంచి 6 మి.లీ. పడాలి. మీ కుక్కకి తక్కువలో తక్కువ 84 మి.లీ. నొక్కుకి 1.5 మి.లీ. వచ్చే పెద్ద సీసా అయితే 56 నొక్కులు. మనవాళ్ళు వీపు మీద ఆరేడు నొక్కులు కొట్టి సీసా అలమరలో పెట్టేస్తారు. చేతికి గ్లౌజు వేసుకుని, వెంట్రుకలకి ఎదురుగా కొడుతూ, ఒళ్ళు తడిసేదాకా రుద్దాలి. కిటికీలు తెరిచి పెట్టండి, ఆరేదాకా పొయ్యి దగ్గరికీ దీపం దగ్గరికీ రానివ్వకండి, అందులో స్పిరిట్ ఉంటుంది. దీనికో మంచి గుణం ఉంది. రెండు రోజుల వయసు కుక్కపిల్లల మీద కూడా వాడొచ్చు. మరీ చిన్న కుక్కపిల్లల మీద ఫ్లీలు దండిగా ఉంటే రక్తం తాగి తాగి చంపేస్తాయి. చిగుళ్ళు గులాబీ రంగు పోయి సున్నంలా తెల్లబడితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కుందేలున్న ఇంట్లో మాత్రం ఫిప్రోనిల్ పనికిరాదు, దానికి అది విషం.

పనిచేయనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మందుల షాపులో మీకు ముందు ఇవే చేతిలో పెడతారు. అమిట్రాజ్ పిడుదులకీ గజ్జికీ మంచిదే, ఫ్లీలకి కాదు. ఐవర్‌మెక్టిన్ సూది కూడా ఫ్లీలని వదిలించదు. పైగా కోలీ, షెల్టీ లాంటి జాతులకి పశువుల మోతాదులో పొడిస్తే ప్రాణం మీదకి వస్తుంది. పసుపు, వేపాకు రసం వల్ల చర్మానికి కాస్త హాయిగా ఉండొచ్చు, ఫ్లీలు మాత్రం పోవు. కర్పూరం కలిపిన నూనె, కలరా ఉండలు, కిరోసిన్, ఫినాయిల్ పూత వద్దు. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, అదంతా కడుపులోకే పోతుంది. వెల్లుల్లి తినిపిస్తే ఫ్లీలు పోవు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

రెండో పని నేల. ఆ గోనె సంచిని ఉతకొద్దు, పారేయండి. దాని పోగుల్లోంచి గుడ్లూ గూళ్ళూ పూర్తిగా వదలవు. మడిచి ఇంట్లోంచి మోసుకెళ్ళకుండా అక్కడే పెద్ద ప్లాస్టిక్ కవర్లోకి దింపి మూతి కట్టి బయటికి తీయండి, లేకపోతే దారి పొడుగునా గుడ్లు రాలతాయి. దాని బదులు రెండు పాత నూలు దుప్పట్లు పెట్టుకోండి. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి మార్చి మార్చి వేయండి. తీసినదాన్ని 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. వాషింగ్ మెషిన్‌లో వేడి లేకపోతే బకెట్‌లో మరిగిన నీళ్ళు పోసి అరగంట నానబెట్టినా సరే.

షాబాదు బండల ఇళ్ళలో అసలు గుట్టు బండల సందుల్లో ఉంటుంది. సిమెంటు రాలిపోయిన చోట ఆ సందులో వేలు పెడితే బూడిద లాంటి మెత్తటి దుమ్ము తగులుతుంది, అందులో కుక్క వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. ఫ్లీల పురిటిగది అదే. చీపురు దాని పైనుంచి వెళ్ళిపోతుంది, తడిగుడ్డ పెడితే ఆ దుమ్ముకి ఇంకాస్త తేమ చేరుతుంది. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సన్నమూతి తగిలించి రెండు వారాల పాటు రోజు విడిచి రోజు సందులన్నీ పీల్చండి. దాని అదురుకి గూళ్ళలోవి బయటికొస్తాయి, మనకి కావలసిందీ అదే. పట్టిన దుమ్మునంతా వెంటనే సబ్బునీళ్ళలో కుమ్మరించండి. వాక్యూమ్ లేకపోతే పుల్లతో దుమ్ము గీకి తీసి, మరిగే సబ్బునీళ్ళు సందుల్లోకి వారంలో రెండుసార్లు పోయండి. ఆ తర్వాత ఒకరోజు మేస్త్రీని పిలిచి తెల్ల సిమెంటుతో సందులు పూడ్పించండి. ఏ స్ప్రే కన్నా ఈ ఒక్క పని ఎక్కువ కాలం కాస్తుంది.

మందు కొట్టించదలిస్తే పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పురుగుని చంపే మందుతో పాటు పైరిప్రాక్సిఫెన్ కూడా కలుపుతారా అని అడగండి. అది లార్వాని పెద్ద పురుగు కానివ్వదు. ఇల్లంతా అక్కర్లేదు. మెట్ల కింద, సోఫా అడుగున, మంచాల కింద, గోడా నేలా కలిసే అంచుల్లో చాలు. తడి ఆరేదాకా కుక్కా పిల్లలూ లోపలికి రాకూడదు, చేపల తొట్టి ఉంటే గాలి మోటారు ఆపి గట్టిగా కప్పాలి. రెండు మూడు వారాలకి రెండోసారి కొట్టించండి, మొదటిసారి గూళ్ళలో ఉండి తప్పించుకున్నవి అప్పటికి బయటపడతాయి. పెరటికి మందు వద్దు. ఎండ పడే మట్టిలో ఎలాగూ బతకవు. నీళ్ళ ట్యాంకు కింద, పొదల నీడన, ఇసక కుప్ప దగ్గర ఆకులు ఎత్తేసి ఎండ తగిలేలా చేస్తే సరిపోతుంది.

ఇంకొకటి, చాలామందికి వింతగా అనిపిస్తుంది: మందు వేశాక కుక్కని ఇంట్లోంచి బయటికి తీసి చెట్టుకి కట్టేయకండి. మామూలుగా తిరిగే చోటే తిరగనివ్వండి, మెట్ల కిందే పడుకోనివ్వండి. గూళ్ళలోంచి వచ్చే కొత్త ఫ్లీలు దాని మీదకే ఎక్కి, కుట్టి, చస్తాయి. మందు వేసిన కుక్క మీ ఇంట్లో తిరిగే ఉచ్చు. దాన్ని బయట కట్టేస్తే అవి పిల్లల కాళ్ళ మీద పడతాయి. పాదాలకీ మోకాళ్ళ కిందా గుంపుగా వచ్చే ఆ దద్దుర్లు వీటి పనే. మన రక్తం తాగినా ఇవి పేలలాగా మన మీద కాపురం పెట్టవు, పిల్లలకి తలకి మందులేవీ రాయకండి.

మొదటి రెండు వారాలు ఫ్లీలు కనబడుతూనే ఉంటాయి, ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువగా. అది మందు ఓటమి కాదు, పాత గూళ్ళు ఖాళీ అవుతున్నాయి. నాలుగో వారానికి బాగా పలచబడాలి, కొన్ని ఇళ్ళలో ఎనిమిది వారాలు పడుతుంది. ఈ మధ్యలో విసిగిపోయి మందు మార్చడం, మాత్ర వేసిన వారానికే పైన ఇంకో మందు పట్టించడం చేయకండి. కనీసం మూడు నెలలు ఖాళీ పడకుండా వేయాలి.

గోకుడు మీద ఒక మాట. తోక మొదట్లో వెంట్రుకలు ఊడాయంటే మీ కుక్కకి ఫ్లీ ఉమ్మి పడకపోవడం, అంటే అలర్జీ, ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాంటి కుక్కకి ఒకటి రెండు కాట్లు పడినా రోజుల తరబడి దురద ఉంటుంది. "ఒక్క పురుగూ కనబడట్లేదు, ఇంకెక్కడి ఫ్లీలు" అనేది కూడా ఇలాంటి కుక్కల దగ్గరే ఎక్కువ, ఎందుకంటే అవి కొరికి నాకి పురుగుల్ని తినేస్తాయి. చర్మం తడిగా, ఎర్రగా, వాసనతో ఉంటే పుండు పట్టినట్టు. దానికి డాక్టరు చూసి విడిగా మందు ఇవ్వాలి, ఫ్లీ మందు ఒక్కటే దాన్ని మాన్పదు.

అలా తిన్న ఫ్లీల వల్ల ఇంకో బెడద, బద్దెపురుగు. మలద్వారం దగ్గర, పడక మీద బియ్యపు గింజల్లాంటివి కదులుతూ, ఎండాక నువ్వుల్లా కనబడితే అదే. మామూలుగా ఇచ్చే పైరాంటెల్, ఆల్బెండజోల్ దీనికి చాలవు. ప్రాజిక్వాంటెల్ ఉండాలి, కిలోకి 5 మి.గ్రా. ఫ్లీలు పోకుండా ఈ మాత్ర ఎన్నిసార్లు వేసినా పురుగు మళ్ళీ వస్తుంది. పిల్లలు కూడా పొరపాటున ఫ్లీని మింగితే వాళ్ళకీ రావచ్చు.

మీరు చివర్లో మాటవరసకి రాసిన పిల్లి సంగతి. రాత్రిళ్ళు గోడ దూకి వచ్చి అదే మెట్ల కింద పడుకుంటుందన్నారు. కుక్కల మీద కనబడే ఫ్లీలలో పెద్ద వాటా అసలు పిల్లి ఫ్లీ అనే జాతిదే. మీరు ఎంత కడిగినా ఆ పిల్లి రాత్రికి రాత్రి గుడ్లు రాల్చి పోతుంది. పక్కన మేకల దొడ్డి ఉన్నా, గేటు ముందు అన్నం పెట్టే వీధికుక్క ఉన్నా ఇదే తంతు. వీధికుక్క అలవాటైనదైతే బరువు అంచనా చూసి, మాత్రని కోడిమాంసం ముద్దలో పెట్టి మింగించడం తేలిక. పిల్లికి మాత్రం కుక్క మందు వేయకండి. ముఖ్యంగా పెర్మెత్రిన్ ఉన్న కుక్క చుక్కల మందు పిల్లికి పడితే వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. పశువులకి వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ కూడా దానికి ప్రమాదమే. పిల్లుల కోసమని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. పట్టుబడని పిల్లి అయితే మెట్ల కింద జాలీ తలుపు పెట్టించి రాత్రి మూసేయడం నయం, కుక్క లోపల, పిల్లి బయట.

వచ్చే ఏడాదికి: వరంగల్‌లో రోహిణి కార్తె ఎండలు తగ్గకముందే, మే చివర్లో ఒక 12 వారాల మాత్ర వేసేయండి. ఆగస్టు మూడో వారంలో రెండోది. నవంబరు మధ్యదాకా గడిచిపోతుంది. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి పేల దువ్వెన, తడి కాగితం. ఎర్ర మరక కనబడితే ఆ రోజే మూడోది వేయండి.